ఇద్దరికి సరిపడా

హిందూపురం,
3 నవంబరు 2025

నాయనా,

నువ్వూ అమ్మా కుశలమే కదా. ఫోనులో నా మాట నీకు వినపడదు. నీకు వినపడేలా అరిస్తే హాల్లో కూర్చున్న మా అత్తమ్మకు ముందు వినపడుతుంది. అందుకే ఈ ఉత్తరం. రోజూ రైల్లో ధర్మవరం నుంచి ఇక్కడికి పనికి వచ్చిపోయే మన పక్కింటి రామాంజి అన్న చేతికి ఇస్తున్నాను. జవాబు కూడా ఆయన చేతికే ఇవ్వు.

ఈ నెల ఇరవై తొమ్మిదికి మా పెళ్ళయి ఆరేళ్ళు. మీ అల్లుడు బెంగళూరు దగ్గర ఒక ఆటల పార్కులో ఆ రాత్రికి గది తీసుకున్నారు. పగలంతా ఊగే పడవలు, నీళ్ళలోకి జారే బండలు. రాత్రికి పార్కు వాళ్ళ హోటల్లోనే మా ఇద్దరికీ భోజనం. అది మూడు రకాలట. ఒకటి బఫే, సంగీతం పెడతారు. రెండోది ఎత్తైన కట్టడం మీద మెల్లగా తిరుగుతూ ఉండే హోటలు. మూడోది నీళ్ళ పక్కన ఇద్దరికే వేసిన ఒక టేబులు, మధ్యలో కొవ్వొత్తి. "ఏది కావాలో నువ్వే చెప్పు, ఎప్పటికీ గుర్తుండేది కావాల" అన్నారు ఆయన. నాకేమీ తోచలేదు. ఈ మధ్య నాకు అన్నం సయించడం లేదు, ఏది తినబోయినా గొంతు దిగదు. అలాంటిదాన్ని భోజనం ఏమి ఎంచగలను. ఊళ్ళో పెళ్ళిళ్ళన్నిటికీ వండినవాడివి, నువ్వే చెప్పు.

ఇంకొకటి. పోయినేడు బిడ్డ పోయినాక ఈ ఇంట్లో నవ్వు లేదు. ఆయన డ్యూటీ ఆలస్యమని చీకటి పడ్డాక వస్తారు. ఆ రాత్రి మేమిద్దరం ఎదురెదురుగా కూర్చుని చెప్పుకోవాల్సిన మాట ఒకటి ఉంది. అది చెప్పుకుంటే మళ్ళీ ఇంట్లో నవ్వు వస్తుందని నా ఆశ. ఇప్పుడే రాయలేను. ఎవరికీ చెప్పొద్దు నాయనా.

నీ కూతురు
రంజిత


ధర్మవరం,
5 నవంబరు 2025

నా బంగారుతల్లి రంజితకు నీ నాయన ఓబుళప్ప కడుపునిండా దీవించి రాయునది.

నీ జాబు అందింది. రామాంజి రైలు దిగి వాళ్ళింటికి కూడా పోకుండా నేరుగా మన వాకిలికి వచ్చి ఇచ్చినాడు. ఒకసారి చదివి, మళ్ళీ చదివి, మీ అమ్మకు పైకి చదివి వినిపించి, ఆమె వంటింట్లోకి పోయాక నాకోసం ఇంకోసారి చదువుకొన్నాను. ఐదో తరగతితో బడి మానినవాడిని, అక్షరాలు వంకర పోతే ఏమీ అనుకోవద్దు.

ముందు భోజనం సంగతి. బఫే వద్దమ్మా. ప్లేటు పట్టుకొని వరుసలో నిలబడితే ముందున్నవాడి వీపు తప్ప మొగుడి మొగం కనపడదు. పైగా ఆ పప్పు పొద్దున చేసి కింద మంట పెట్టి ఉంచుతారు, రాత్రికి గోడకు పూసే సున్నం మాదిరి అవుతుంది. ఇక తిరిగే హోటలు. మీ ఆయన కదిరి పోయే బస్సులోనే కళ్ళు తిరిగి నా భుజం మీద తల పెట్టిన మనిషి. కూర్చున్న చోటు తిరక్కుండా ఉంటేనే ఆయన కడుపులోకి అన్నం పోతుంది. కాబట్టి నీళ్ళ పక్కదే తీసుకోండి. కొవ్వొత్తి వెలుగులో తినేది సరిగా కనపడదు, చేప మాత్రం చెప్పొద్దు, ముల్లు గుచ్చుకుంటుంది.

నన్ను అడిగినావు గానీ, ఇద్దరికి వంట అంటే నాకు కొలత తెలియదు. నా చేతికి తెలిసిన చిన్న కొలత యాభై ఆకులు. మీ అమ్మ ఊరికి పోయిన రోజు నా ఒక్కడికి చారు పెట్టుకుందామని పెడితే వీధి వీధంతా తాగినారు. నీ పెళ్ళినాడు కూడా తాళి కట్టే వేళకు మీ అమ్మ నా చేతిలో గరిటె లాక్కొని పందిట్లోకి తోసింది. నీ చెయ్యి అల్లుడి చేతిలో పెడుతూ కూడా నా ముక్కు పాయసం మీదే ఉంది, అడుగంటుతున్నదేమో అని. ఆ రోజు మీరిద్దరూ పక్కపక్కన కూర్చొని ఏమి తిన్నారో నేను చూడనే లేదు. అది నాకు ఇప్పటికీ లోటే.

ఇక రెండో సంగతి. నువ్వు రాయలేనన్నావు, రాయనక్కర లేదు. అన్నం సయించడం లేదంటే, మొగుడికి ఎదురుగా కూర్చొని చెప్పాలంటే, ఇంటికి మళ్ళీ నవ్వు వస్తుందంటే, ఆడపిల్లను కన్నవాడికి ఆ మాత్రం తెలియదా. ఈ ముసలాడి చేతికి మళ్ళీ ఊయల ఊపే పని పడుతున్నదని అర్థమయింది. మీ అమ్మ దేవుడి గూట్లో దీపం పెట్టి, "యెవురికీ చెప్పాకు" అని నాకే జాగ్రత్త చెప్తున్నది. నేనెందుకు చెప్తాను.

ఆ రోజుకు ఓళిగలు, చిత్రాన్నం చేసి పంపిస్తాను. హోటలువాళ్ళు తీపి ఏమి చేస్తారులే.

ఆనందంలో అన్నం కూడా మరిచిన
నీ నాయన


హిందూపురం,
12 నవంబరు 2025

నాయనా,

నీళ్ళ పక్క టేబులే చెప్పాము. పార్కులోకి బయటి తిండి రానివ్వరు. గేటు దగ్గర సంచులు విప్పి చూసి తీసుకుంటారట. ఓళిగలు పంపొద్దు.

నువ్వు ఏమి అర్థం చేసుకున్నావో నీ ఉత్తరంలో చదివినప్పుడే వెంటనే రాయవలసింది. నాకు చెయ్యి రాలేదు. నిన్న ఆలస్యమైపోయింది. పెనుకొండ నుంచి మీ అక్క, పెద్దత్త దిగింది, సంచి నిండా పచ్చి చింతకాయలతో. నేను కొళాయి దగ్గర బిందె ఎత్తుతున్నాను.

"ఏమ్మా అలివేలమ్మా, ఈ పిల్ల చేత నీళ్ళు మోపిస్తాండావే, యాడన్నా జారితే?" అంది మా అత్తమ్మతో.

"నాకేమి తెలుసు వదినా, నాకు చెప్తే కదా."

"చెప్పరులే. మూడో నెల నిండేదాకా నోరు తెరవరు. నాకూ మా ఓబుళుడు చెప్తేనే తెలిసింది."

మా అత్తమ్మ నా చేతిలో బిందె తీసుకుని, నా తల నిమిరింది నాయనా. పోయినేటి నుంచి ఆమె నన్ను ముట్టుకోలేదు. ఆ చెయ్యి తలమీద ఉండగా లేదని ఎలా చెప్పను. సాయంత్రం ఆయన వచ్చేసరికి ఇల్లంతా తెలిసిపోయింది. ఆయన నావైపు ఒకసారి చూసి, కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళిపోయారు.

నాకు ఏమీ లేదు నాయనా. అన్నం సయించకపోవడం దిగులుతో. ఆ రాత్రి నేను అడగాలనుకున్న మాట వేరు. బిడ్డను తీసుకుపోయినప్పుడు నేను ఆసుపత్రిలో మంచం మీదే ఉన్నాను. ఎక్కడ పెట్టి వచ్చారో ఇప్పటిదాకా నాకు ఎవరూ చెప్పలేదు. ఆయన్ని అడిగే చోటు ఈ రెండు గదుల్లో లేదు. నన్ను తప్పుపడుతున్నారో ఏమో, అదీ తెలియదు. ఆ భోజనం అందుకోసం.

ఇప్పుడు పెద్దత్త ఏమంటోందో తెలుసా. "అట్లాంటి పిల్లను ఊగే పడవలున్న చోటికి ఒంటిగా పంపుతారా? మేమూ వస్తాం" అని. వాళ్ళ మనవడు రోహిత్ నడిపే టెంపో ఉందట. ధర్మవరంలో మిమ్మల్ని, పెనుకొండలో వాళ్ళని, హిందూపురంలో మమ్మల్ని ఎక్కించుకుని పోతుందట. భోజనం కూడా అందరం ఒకే చోట చేద్దామంటున్నారు.

నువ్వే పోయి ఆపు.

రంజిత


ధర్మవరం,
15 నవంబరు 2025

అమ్మా రంజితా,

నీ జాబు చదివినాక నేను చాలాసేపు గడప మీదే కూర్చున్నాను. మీ అమ్మ అడిగితే ఎండకు తల తిరిగిందన్నాను. నా నోరు కాల్చుకోవాలి. నేను చెప్పాలని పోలేదమ్మా. పెనుకొండలో ఒక నామకరణం వంట మాట్లాడి వచ్చేటప్పుడు పెద్దక్క ఇంట్లో కాఫీకి ఆగినాను. "ఏమప్పా, మొగం అట్ల వెలుగుతాండాదే" అని అడిగింది. అంతే, కాఫీ కంటే ముందు మాట బయటపడింది.

నిన్న పొద్దున రైలుకే పెనుకొండ పోయినాను. పెద్దక్క పిండి జల్లిస్తున్నది.

"అక్కా, నేను పొరపాటు పడినా. ఆ పిల్లకు ఏమీ లేదంట" అన్నాను.

"నువ్వు గమ్మునుండప్పా. లేదని చెప్తాండారంటేనే ఉండాదని."

"పిల్లే రాసింది."

"మన అమ్మ నిన్ను కడుపులో పెట్టుకొని ఐదో నెల దాకా లేదనే చెప్పింది. తెలుసునా నీకు?"

"అది వేరే, ఇది వేరే అక్కా."

"ఏం వేరే? పోయినసారి మనమంతా యాడోళ్ళం ఆడనే ఉండిపోతిమి. పిల్ల పక్కన ఎవురూ లేకపోతిరి. ఈసారి నేను పక్కన లేకుండా ఆ పిల్ల అడుగు తీసి అడుగు పెట్టదు. నువ్వు అడ్డం రాకు."

ఆ మాట అనేటప్పుడు జల్లెడ ఆగిపోయింది. ఆమె కూడా బాధపడుతూనే ఉందమ్మా, పైకి అరుస్తుంది గానీ. నీ ఉత్తరం నా జేబులోనే ఉంది. తీసి చూపిస్తే నమ్మేది. కానీ అందులో బిడ్డ సంగతి రాసినావు, అది నీదీ మీ ఆయనదీ. దాన్ని ఇంకొకరి చేతిలో ఎట్లా పెట్టేది. జేబు మీద చెయ్యి పెట్టుకొని వచ్చేసినాను.

టెంపో రద్దు చెయ్యమని రోహిత్‌ను అడిగితే, "అవ్వ చెప్తే ఆపుతా తాతా" అంటాడు. అవ్వ ఎట్లా చెప్తుంది. మీ అత్తగారికి నేను రాద్దామా అంటే, ఆమె నీ తల నిమిరిందని రాసినావు. నా చేతులు కట్టేసినట్టయింది.

ఐదువందల మందికి అన్నం చాలదేమో అనే భయం నాకు ఎప్పుడూ లేదు. ఇప్పుడు ఇద్దరికి ఒక టేబులు మిగల్చలేక కూర్చున్నాను.

నీ నాయన


హిందూపురం,
20 నవంబరు 2025

నాయనా,

నీమీద కోపం లేదు. మొదట ఉండింది.

టెంపోలో కుదుపులు తగులుతాయని మా అత్తమ్మ రెండు దిండ్లు కూడా కుడుతోంది, నా నడుముకు ఒకటి, కాళ్ళకు ఒకటి. పొద్దున నాకు పాలు తెచ్చి పక్కన నిలబడుతుంది, తాగేదాకా పోదు. లేదు అని రెండుసార్లు నోటిదాకా వచ్చింది. ఆమె మొగం చూసి మింగేశాను.

పార్కు వద్దు, ఏదీ వద్దు, రద్దు చేద్దామని ఆయనతో అన్నాను. చొక్కా మడత పెడుతూ, "పోదాం" అన్నారు. అంతే. సంతోషంగా ఉన్నారో, నేను దాచానని నొచ్చుకున్నారో తెలియలేదు. మాట్లాడుకోవడానికి పెట్టుకున్న రోజు వచ్చేలోపు మా మధ్య ఉన్న నాలుగు మాటలు కూడా పోయాయి. అంతమంది మధ్య కొవ్వొత్తి పెట్టుకుని ఏమి చేస్తాము. టెంపోవాళ్ళందరికీ పట్టేలా ఆ టేబులు పక్కనే ఇంకో నాలుగు కలపమని పెద్దత్త రోహిత్ చేత హోటలుకు ఫోను కూడా చేయించింది. సాయంత్రం వచ్చి అడగండి అన్నారట.

ఇంక నువ్వు ఏమీ చేయొద్దు. తిండి మాత్రం తేవద్దు, గేటు దగ్గర గొడవ అవుతుంది.

రంజిత


ధర్మవరం,
25 నవంబరు 2025

అమ్మా రంజితా,

తేవద్దన్నావు. తెస్తాను. సామాను ఈ రోజే కొన్నాను. నా పాత గిన్నెలు తోమించినాను, ఆకుల కట్ట కూడా పెట్టుకున్నాను. గేటులో రానివ్వరని పెద్దక్కకు నేను చెప్పలేదు, నువ్వూ చెప్పొద్దు.

ఎందుకని అడగొద్దు. పనవుతుందని నాకే నమ్మకం లేదు. నాకు తెలిసిన పని ఇదొక్కటే కాబట్టి చేస్తున్నాను. సాయంత్రం నేను ఏ పని చెప్పినా ఇద్దరూ మారుమాట్లాడకుండా పోండి.

నీ నాయన


హిందూపురం,
1 డిసెంబరు 2025

నాయనా,

టెంపో దిగేటప్పుడు అందరి ముందు నీతో ఏమీ మాట్లాడలేకపోయాను. మాట్లాడినా నీకు వినపడేది కాదు. అందుకే రాస్తున్నాను.

పగలు నువ్వు చూడనిది ఒకటి చెప్తాను. మా అత్తమ్మ చెట్టు కింద కునుకు తీస్తున్నప్పుడు నేను పోయి ఊగే పడవ ఎక్కాను. నాకు ఎక్కాలనిపించింది, ఇంక దాయలేననిపించింది. పైకి లేచినప్పుడు కింద పెద్దత్త నా సంచి పట్టుకుని నిలబడి కనిపించింది. అరుస్తుందనుకున్నాను. అరవలేదు. దిగి వచ్చాక నా మొగంలోకి చూసింది. సంచి నా భుజానికి తగిలించి, కొంగుతో నా నుదురు తుడిచి, పక్కన నడిచింది.

సాయంత్రం అందరం హోటలుకు బయలుదేరినప్పుడు నువ్వు టెంపోలో ఉన్న గిన్నెల సంగతి ఎత్తావు. "చిత్రాన్నం రాత్రికి పాసిపోతుంది, లోపలికి రానివ్వరు, తినేసి పోదాం" అన్నావు. చేసిన అన్నం పారేయడానికి ఎవరికి మనసు వస్తుంది. గేటు బయట టెంపోలు నిలిపే చోట నువ్వు ఆకులు పరుస్తూ, ఆయనతో "శివకృష్ణా, గది మీ పేరున ఉండాది, ఇద్దరూ పోయి తాళం ఇప్పించుకోండి, మీ ఆకులు తీసిపెడతా" అన్నావు. మా అత్తమ్మ "కోడలు తినకుండా యాడికి?" అంటే, నీకు వినపడనట్టు ఉప్పు వడ్డించడం మొదలుపెట్టావు. ఆ మాట నీకు నిజంగానే వినపడలేదేమో.

మేము తాళం దగ్గరికి పోలేదు. నీళ్ళ పక్క టేబులు దగ్గరికి పోయాము. గాలికి కొవ్వొత్తి ఆరిపోయింది, హోటలు అతను మళ్ళీ వెలిగించాడు, మళ్ళీ ఆరిపోయింది, ఇంక వద్దులే అన్నారు ఆయన. నేను ముందు చెప్పాను, నాకు ఏమీ లేదు అని.

"తెలుసు" అన్నారు. "అమ్మ చెప్పిననాడే తెలుసు. నీ మొగం నేను చూడనా. ఇంట్లో అందరూ అంత సంతోషంగా ఉండారు, నేనే ఎట్లా చెప్పేదని గమ్మునున్యా."

తర్వాత నేను అడిగాను, బిడ్డ ఎక్కడ అని. ఆయన చెప్పాలనుకున్నదీ అదే నాయనా. ఊరి బయట వంక గట్టున, కానుగ చెట్టు కింద. డ్యూటీ ఆలస్యమని చెప్పిన సాయంత్రాలన్నీ అక్కడే కూర్చుని వచ్చారట. "నిన్ను తోడుకొని పోతే నువ్వు తట్టుకోలేవని నేనొక్కడినే పోతాంటి" అన్నారు. నన్ను తప్పుపడుతున్నారేమో అనుకున్నానని చెబితే, ఆయన మొగం ఎలా అయిందో నేను రాయలేను. నేను లేచి ఆయన పక్క కుర్చీలో కూర్చున్నాను. ఎవరూ రాలేదు. ఎంతసేపటికీ ఎవరూ రాలేదు.

ఏమి తిన్నారు అని నువ్వు అడుగుతావని తెలుసు. నాకు గుర్తు లేదు నాయనా. ఏదో తెచ్చారు, తిన్నాము. గొంతు దిగింది.

నిన్న సాయంత్రం ఇద్దరం వంక గట్టుకు పోయి వచ్చాము. నాకు ఏమీ లేదని మా అత్తమ్మకు ఆయనే చెప్పారు. ఆమె రాత్రి అన్నం తినకుండానే పడుకుంది. ఈ పొద్దున మాత్రం పాలు తెచ్చి పక్కన నిలబడింది. తాగేదాకా పోలేదు.

అంతసేపు వాళ్ళందరినీ ఎలా ఆపావు?

నీ కూతురు
రంజిత


ధర్మవరం,
3 డిసెంబరు 2025

నా తల్లి రంజితకు నీ నాయన రాయునది.

నీ జాబు ఈసారి మీ అమ్మకు పైకి చదవలేకపోయాను. ఆమె చేతికే ఇచ్చినాను, కూడబలుక్కొని చదువుకొని, కళ్ళు తుడుచుకొని, దాన్ని తన పెట్టెలో పెట్టుకొన్నది. నా ఉత్తరం నాకు ఇవ్వమంటే ఇవ్వడం లేదు. నాకు ఏడుపూ వస్తున్నది, సంతోషమూ వస్తున్నది, ఏది ముందు రానివ్వాలో తెలియక వాకిట్లో తిరుగుతున్నాను.

ఎట్లా ఆపినావని అడిగినావు. నేను ఆపలేదమ్మా. ఆపుదామనే తెచ్చినాను, నిజమే. పెళ్ళిళ్ళలో మగపెళ్ళివాళ్ళు రావడం ఆలస్యమైతే పంక్తిని నెమ్మదిగా నడిపించేది మాకు అలవాటే. వరుసలో అందరి భోజనమూ కాకుండా ఎవరూ లేవరు, పెద్దవాళ్ళు లేచేదాకా చిన్నవాళ్ళు ఆకు మడవరు. ఆ ఒక్క మర్యాదను నమ్ముకొని బయలుదేరినాను. ఉప్పు ఒక వరుస, ఊరగాయ ఒక వరుస, ఆ కొసన తిన్నాక ఈ కొసన. ఓళిగ ఒకటి వేసి, నెయ్యి మరిచినానని టెంపో దాకా పోయి వచ్చేది. రోహిత్ "తాతా, నీకు వయసైపోయింది" అని నవ్వినాడు. నవ్వనీలే అనుకొన్నాను.

అయినా ఎంతసేపు. చిత్రాన్నం అయిపోయింది, ఓళిగలు అయిపోయినాయి. పెరుగన్నం కూడా వడ్డించినాను. మజ్జిగ పోస్తే పంక్తి లేస్తుంది. గేటువైపు చూస్తే మీరు పోయి ఎంతోసేపు కాలేదనిపించింది. ఇంకేమీ లేదు నా దగ్గర. బక్కెట తీసుకొని మజ్జిగ పోసినాను. అందరూ తాగినారు. మీ అత్తగారు ఆకు మడవడానికి చెయ్యి పెట్టింది. నేను ఖాళీ చేతులతో నిలబడినాను తల్లీ, అడుగంటిన గిన్నె ముందర నిలబడినట్టు.

అప్పుడు వరుసలో మొదట కూర్చున్న పెద్దక్క గట్టిగా, నాకు కూడా వినపడేట్టు అన్నది: "ఉండండమ్మా, లేయొద్దండి. నాకింకా మజ్జిగ రాలేదు."

ఆమె లోటాలో నేను పోసినాను. ముందే పోసినాను. ఆకు అంచున తెల్లగా ఇంకా తడి ఉంది. మీ అత్తగారు చెయ్యి వెనక్కి తీసుకొన్నది. నేను బక్కెటలో మిగిలినదానికి నీళ్ళు కలిపి తెచ్చి పోసినాను. మెల్లగా తాగింది. తాగి లోటా మళ్ళీ ముందుకు పెట్టి, "రాలేదప్పా" అన్నది. నావైపు చూడలేదు. గేటు లోపల లైట్లు వెలుగుతుంటే అటే చూస్తున్నది.

చివరికి నేను తెచ్చింది ఒట్టి నీళ్ళు. మజ్జిగ అనేది అందులో లేనే లేదు. లోటా ఎత్తి కడదాకా తాగింది.

"చిక్కగా ఉండాది ఓబుళా. ఇంకొంచెం పొయ్యి" అన్నది.

ఇట్లు, పోస్తూనే ఉన్న
నీ నాయన ఓబుళప్ప